కొండకిచ్చిన నేల

మా అత్త అచ్చియమ్మ మొండిది. ఈ మాట ఆవిడ ఎదురుగానే చాలాసార్లు అన్నాను, ఆవిడ కాదనలేదు కూడా. నేనూ తక్కువదాన్నేం కాదు. మా ఇద్దరి మధ్య మా ఆయన గంగరాజు నలిగిపోయేవాడు గానీ ఊళ్ళో వాళ్ళకి మాత్రం మంచి కాలక్షేపంగా ఉండేది. ఇప్పుడు మా మధ్య తగువులు లేవు. తగువు పడటానికైనా ఏదో ఒకటి మిగలాలి కదా.

మాది పనసగొంది. అనంతగిరి దాటి అరకు పోయే రోడ్డు మీద బస్సు దిగి, కాఫీ తోటల పక్కనుంచి రెండు గంటలు ఎక్కితే వస్తుంది. ఇరవై రెండు ఇళ్ళు. నా పుట్టిల్లు జి.మాడుగుల అవతల. మా నాన్న ప్రార్థన మందిరంలో డప్పు వాయించేవాడు. నన్ను హాస్టల్లో పెట్టి పదో తరగతి దాకా చదివించాడు. పనసగొందిలో పది పాసయినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకెవరూ గుర్తు చెయ్యక్కర్లేదు, నేనే రోజుకి నాలుగుసార్లు అందరికీ గుర్తు చేసేదాన్ని.

నేను కాపురానికొచ్చిన మూడో నెలలో, 2003 ఎండాకాలంలో, మా అత్తతో మొదటి తగువు పడ్డాను. ఊరి పైన ఎర్రమెట్ట అనే కొండవాలు మీద మాకు ఆరెకరాల పోడు ఉండేది. సామలు, సోళ్ళు, వలిసెలు, కొండ కందులు అన్నీ అక్కడే పండేవి. కింద పారే గెడ్డ పక్కన చిన్న మడి ఒకటి ఉంది గానీ దాని ధాన్యం మూడు నెలలకి కూడా రాదు. మిగతా తొమ్మిది నెలల తిండీ ఎర్రమెట్ట మీదే. అలాంటి మెట్టని ఆ ఏడు చెయ్యకుండా వదిలేస్తానంది అత్త.

"కొండ అలిసిపోయినాది," అంది. "కంది మొక్క సూసినావేటి, మోకాలు దాటనేదు. ఏడేళ్ళు తొంగోనీ."

ఊళ్ళో మిగతా వాళ్ళు రెండేళ్ళో మూడేళ్ళో వదిలి మళ్ళీ నరికి కాల్చి విత్తేసేవాళ్ళు. అత్త మాత్రం వాళ్ళ అత్త చెప్పిన ఏడేళ్ళ లెక్క తప్పదు. ఈ ఏడేళ్ళూ మేమేం తినాలి అని అడిగాను. అసిరమ్మ మెట్ట సగం పంటకి చేసుకుందాం, కాఫీ తోటల్లో కూలికెళ్దాం అంది. అసిరమ్మ మా పక్కింటావిడ, అత్తకి వరసకి ఆడపడుచు. ఆవిడకి రెండు మెట్టలున్నాయి. ఒకటి పంటలో ఉంటే ఒకటి నిద్రలో ఉండేది.

మెట్టని వదలడం అంటే ఊరికే వెళ్ళకుండా మానెయ్యడం కాదు, దానికో తంతు ఉంది. వాలు కింద అంచున మోకాలెత్తు రాయి నిలబెట్టారు. అత్త దాని మీద సోడి అంబలి పోసింది. ఇంట్లో చిన్న మగవాడు వాలు పైన నిలబడి కొండ తరఫున జవాబు చెప్పాలి. అంటే మా ఆయనే. పైన జీలుగు చెట్టు పక్కకెళ్ళి బుద్ధిగా నిలబడ్డాడు.

"నీది నీకిచ్చీసినాను. తీసుకున్నావా?" అని అత్త కిందనుంచి అడిగింది. పైనుంచి పలుకు లేదు. మళ్ళీ అడిగింది. మూడోసారికి, "తీసుకున్నాను," అని వినిపించింది. మా ఆయన గొంతే గానీ ఎప్పుడూ వినని గొంతులా ఉంది. నాకు నవ్వాగలేదు. నవ్వేశాను.

దిగొస్తున్నంత సేపూ అత్త నన్ను తిట్టింది. తిట్ల మధ్యలోనే కట్టుబాటు కూడా చెప్పింది. ఇక ఆ రాయి దాటి మేం కత్తి పట్టుకెళ్ళకూడదు. అడ్డాకు, పుట్టగొడుగులు, దుంపలు ఊళ్ళో ఎవరికి కావలిస్తే వాళ్ళు తెచ్చుకోవచ్చు. కొండది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. ఇంటివాళ్ళు మాత్రం ఆ ఏడేళ్ళూ దాన్ని మాది అనకూడదు. ఏడేళ్ళు నిండాక రాయి దగ్గరకెళ్ళి మళ్ళీ అడగాలి, ఇస్తే తీసుకోవాలి.

"మద్దిలో నాది అన్నావో, మరింక ఇయ్యదు," అంది అత్త.

"ఇచ్చేది ఎవరత్తా? ఆ పైన మాట్లాడింది మీ అబ్బాయే కదా."

"అప్పుడు ఆడు నా కొడుకు కాడు. ఆ గొంతుతోటి మాటాడినప్పుడు అబద్దం ఆడకూడదు, వరస పెట్టి పిలవకూడదు. కొండకి అమ్మా నేదు, అయ్యా నేదు."

రాళ్ళకి చెవులుండవని మా మందిరంలో చెప్తారని అన్నాను. "రాయి ఇనదే గుంటా. నువ్వు ఇంటావని పాతినాం," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఇద్దరం వేరువేరు కుండల్లో అంబలి కాచుకున్నాం.

ఆ ఏడేళ్ళలో అత్త పెట్టిన ఆంక్షలన్నిట్లోకీ నాకు కడుపుమంట తెప్పించింది కందులు. కొండ కంది విత్తనం చచ్చిపోకుండా ఇంటి వెనక పదిహేను మొక్కలు ఏటా వేసేది. కాసిన గింజ ఒక్కటి కూడా వండనిచ్చేది కాదు. బూడిద కలిపి సొరకాయ బుర్రలో పోసి అటక మీద పెట్టేది. నాకు నెల తప్పినప్పుడు కొండ కందిపప్పు తినాలని ప్రాణం కొట్టుకుపోయింది. అడిగాను. "అది ఎర్రమెట్టకి," అంది అత్త. సంతలో పప్పు కొనుక్కొచ్చి వండి పెట్టింది గానీ బుర్ర మూత మాత్రం తియ్యలేదు. ఏటా చైత్రం పండగకి ఒక చింతపిక్క ఆ బుర్ర పక్కన పెట్టేది. అదే ఆవిడ క్యాలెండరు.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి, నాకిష్టం లేకపోయినా. మూడో ఏటికి ఎర్రమెట్ట మీద వెదురు లేచింది. వానలకి గంపలకొద్దీ పుట్టగొడుగులు వచ్చాయి. మెట్ట అడుగున ఊట ఒకటుంది. నేను కొత్తగా వచ్చినప్పుడు పుష్యంలోనే ఎండిపోయిన ఊట, నాలుగో ఏడు చైత్రం దాకా పారింది. నేను రెండు కిలోమీటర్లు బిందె మొయ్యడం తప్పింది. అత్త ఊట దగ్గర నీళ్ళు ముంచుతున్నప్పుడల్లా నా మొహంకేసి చూసేది, అంతే. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

2008లో సర్వే మాట వచ్చింది. అడవిలో పోడు చేసుకునేవాళ్ళకి హక్కు కాగితాలిస్తారని, 2005 డిసెంబరు నాటికి చేతిలో ఉండి ఇప్పటికీ చేసుకుంటున్న భూమికే ఇస్తారని సంతలో చెప్పుకున్నారు. కాగితం ఉంటే ఎవరూ లేపలేరు. లేకపోతే ఎప్పుడైనా లేపొచ్చు. ఊళ్ళో కమిటీ వేశారు. చదువొచ్చినదాన్ని కాబట్టి రాతపని నాకిచ్చారు. నేను ఎంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ వారంలోనే అసిరమ్మ తన నిద్రలో ఉన్న మెట్టని నరికి తగలబెట్టింది. పొగ ఊరంతా కమ్ముకుంది. సాయంత్రం మసి మొహంతోనే మా గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వూ కొట్టీ వదినా. ముందు కాయితం రానీ, కొండకి తరవాత సెప్పుకుందుం."

"మాటిచ్చినాను కదా," అంది అత్త.

"ఎవులికిచ్చినావు? ఆ రాయికా?"

"నువ్వూ ఇచ్చినావు. మర్సిపోనావు," అని అత్త లేచి లోపలికెళ్ళిపోయింది.

నేను ఏడ్చాను, అరిచాను, రెండు పూటలు తినడం మానేశాను. మా ఆయన తల్లికి తెలియకుండా గొడ్డలి పట్టుకుని మూడుసార్లు ఎర్రమెట్టకి వెళ్ళాడు. మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "రాయి దాటలేకపోతన్నానే," అన్నాడు. తీసుకున్నాను అని కొండ గొంతుతో చెప్పింది తనే కదా. పిరికివాడా అని తిట్టాను. ఆయన గొడ్డలికి మరక లేకపోయినా కడిగి చూరులో పెట్టాడు.

సర్వే చెయ్యడానికి వచ్చినాయన పేరు సర్వేశ్వరరావు. శృంగవరపుకోట వైపు మనిషి. భారీ ఒళ్ళు, ఎక్కలేక ఎక్కేవాడు, ప్రతి మలుపులో కూర్చుని నీళ్ళు తాగేవాడు. చేతిలో కొలిచే మిషను పట్టుకుని మెట్టల చుట్టూ తిరిగితే అందులో ఎకరాలు పడేవి. మంచివాడు. మంచివాడు కాకపోయి ఉంటే తప్పంతా ఆయన మీద వేసేసి నేను కాస్త నిద్రపోయేదాన్ని.

మా రాయి దగ్గర ఆగాడు. "ఇది ఎవరిది?"

"కొండది బాబూ," అంది అత్త.

"కొండది సరే మామ్మా, చేసేది ఎవరు?"

"ఇప్పుడు ఎవులూ సెయ్యరు. తొంగున్నాది."

ఆయన వెదురు పొదలకేసి చూశాడు, రాయికేసి చూశాడు, ఆఖరికి నాకేసి చూశాడు. అర్థం చేసుకున్నాడు. "నేను కొలత వేసుకుంటానమ్మా," అన్నాడు నాతో. "ఎవరి పేరు రాయాలో, సాగులో ఉందో లేదో, అది మీ కమిటీ పని. ఊరి సభలో చదివినప్పుడు ఎవరూ కాదనకపోతే నేనూ కాదనను." ఆ ముళ్ళలోనూ వెదురులోనూ పడి ఆరెకరాల చుట్టూ తిరిగొచ్చాడు. చొక్కా చిరిగింది.

ఆ సాయంత్రమే ఫారంలో రాశాను. పేరు అచ్చియమ్మ, ఊరు పనసగొంది, ఎర్రమెట్ట, ఆరెకరాలు, సాగులో ఉంది. తప్పు చేస్తున్నానని అనిపించలేదు. ఇంటింటికీ వెళ్ళి, సభలో నోరెత్తొద్దని బతిమాలాను. అందరూ సరేనన్నారు. అసిరమ్మ అయితే నా తల నిమిరి, "నీ బుర్ర మీ అత్తకి నేదే," అంది. ఒక్క మనిషిని మాత్రం అడగలేదు.

సభ బడి ముందు పెట్టారు. నేను నిలబడి ఒక్కొక్క పేరూ చదివాను. మాది కావాలనే మధ్యలో పెట్టుకున్నాను. అత్త చివర్న కూర్చుని అడ్డాకులు కుడుతోంది. తల ఎత్తలేదు. మా పేరు వచ్చేసరికి గొంతు తగ్గించి గబగబా చదివేసి తర్వాతి పేరుకి వెళ్ళిపోయాను.

"బేబీ," అని నన్ను పేరు పెట్టి పిలిచింది అత్త. "అది మల్లీ సదువు."

చదివాను. ఇంకేం చేస్తాను.

కుడుతున్న విస్తరి పక్కన పెట్టి లేచి నిలబడింది. "అది తప్పు. కొండకిచ్చీసినాను. ఈ ఊరందరికీ తెల్సు. కొట్టీ."

మా ఆయన తల రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సర్వేశ్వరరావుగారు కుర్చీలోంచి లేచి అత్త దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "మామ్మా, ఒక్క మాట. నాది అను. చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"అన్నేను బాబూ. ఇంకా రెండేళ్ళున్నాది. ఇప్పుడు నాదంతే మరింక ఇయ్యదు."

"ఇప్పుడు అనకపోతే కూడా ఇవ్వరు మామ్మా."

అత్త ఆయన మొహంలోకి చూసింది. నిజంగానే అర్థం కాలేదు ఆవిడకి. "ఎవులు ఇయ్యరు?" అని అడిగింది.

ఆయన నాకేసి తిరిగి కళ్ళతోనే కానివ్వమన్నాడు. నేను ఆ వరస మీద అడ్డంగా గీత కొట్టేశాను. స్కేలు పెట్టకుండా కొట్టిన గీత, వంకరగా వచ్చింది. ఆ రోజు మా అత్తని నేను అసహ్యించుకున్నాను. తన పిచ్చి నమ్మకానికి నా పిల్ల నోట్లో మన్ను కొట్టింది అనుకున్నాను. ఇంటికెళ్ళాక ఆవిడ నాకు అంబలి పోసింది. నేను ముట్టలేదు. ఆరు నెలలు ఆవిడతో మాట్లాడలేదు.

ఆవిడ చేసింది పిచ్చి కాదని తర్వాత తెలిసింది. మెట్ట పోగొట్టుకోవడానికి కాదు, నిలబెట్టుకోవడానికే ఆవిడ ఆ మాట అనలేదు. ఆవిడకి తెలిసిన కట్టుబాటులో, భూమి తిరిగి రావాలంటే నోరు మూసుకోవాలి. కాగితం కట్టుబాటులో నోరు తెరవాలి. రెండూ తెలిసిన మనిషి ఆ సభలో నేనొక్కదాన్నే. సర్ది చెప్పాల్సింది పోయి చాటుగా రాసేశాను. పది పాసయిన తెలివి అంతవరకే వచ్చింది.

మరుసటి ఏడు కాగితాలు వచ్చాయి. అసిరమ్మకి రెండు మెట్టలకీ వచ్చాయి. కాగితం మీది ఫొటోలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. అయినా అద్దం కట్టించి గోడకి తగిలించింది. ఎర్రమెట్టని ఎవరూ అడగలేదు కాబట్టి అది ఎవరిదీ కాదని లెక్క తేలి అటవీశాఖ వాళ్ళ మొక్కల స్కీములోకి పోయింది. వానలకి ముందు వెదురంతా నరికించి, జీలుగు చెట్టు పడగొట్టి, కాల్చి, నీలగిరి మొక్కలు పెట్టారు. చుట్టూ కందకం తవ్వించారు. తవ్వింది మేమే. కూలి దొరుకుతుందంటే ఊరంతా వెళ్ళింది, నేనూ మా ఆయనా కూడా వెళ్ళాం. మా కళ్ళ ఎదురుగానే ఆ కందకం లోతు రోజు రోజుకీ పెరిగింది, మా చేతులతోనే.

అత్త రాలేదు. గుమ్మంలో కూర్చుని పొగ చూసింది. "ఎవులో కొండకి సెప్పకుండా కొట్టీసినారు. అది ఊరుకోదు," అంది. నాకప్పటికి కోపం తగ్గి భయం మొదలైంది. ఇదంతా ఎవరి పనో, ఎందుకు జరిగిందో విడమర్చి చెప్పాను. మొత్తం విని, "ఏడేళ్ళూ కానీ," అంది. ఆ ఏడు చైత్రం పండగకి కూడా చింతపిక్క పెట్టింది. ఊట మాత్రం మాఘం రాకుండానే ఆగిపోయింది. నేను మళ్ళీ రెండు కిలోమీటర్లు బిందె మోశాను.

అసిరమ్మ తన మెట్టల మీద కాఫీ వేసుకుంటానని మా సగం పంట మాన్పించింది. "ఏటనుకోకే," అంది. అనుకుని ఏం చేస్తాం, కాగితం ఆవిడది. ఇక మిగిలింది మూడు నెలల మడి. కిందకి దిగి విశాఖపట్నంలో ఇళ్ళు కట్టే చోట పనికి పోవాలి, లేకపోతే ఇంకేదన్నా చూసుకోవాలి. అప్పుడే ఎర్రమెట్ట ప్లాంటేషనుకి వాచరు కావాలన్నారు. పశువుల్నీ మనుషుల్నీ కందకం దాటనివ్వకూడదు. నెల నెలా జీతం, ఖాకీ చొక్కా. మా ఆయన ఒప్పుకున్నాడు.

తల్లికి మాత్రం కాఫీ తోటలో పని అని చెప్పాడు. ఖాకీ చొక్కా ఇంటికి తెచ్చేవాడు కాదు. ఊరు దాటాక ఒక పొదలో ప్లాస్టిక్ సంచిలో పెట్టుకునేవాడు. అక్కడ తొడుక్కుని వెళ్ళి, అక్కడే విప్పేసి వచ్చేవాడు. వానాకాలంలో ఆ చొక్కా బూజు పట్టింది. ఉతకడానికి గెడ్డ దగ్గరికి నేనే దొంగతనంగా పట్టుకెళ్ళేదాన్ని. ఎవరికీ హాని చెయ్యని మనిషి, సొంత ఊళ్ళో చొక్కా దాచుకుని తిరిగేవాడు.

2010 చైత్రం పండగ అయిన వారానికి అత్త పొద్దున్నే చింతపిక్కలు చాప మీద పోసి నాచేత లెక్కపెట్టించింది. ఏడు.

"రేపు అడుగుదుం," అంది. "గంగణ్ణి పైన నిలబడమని సెప్పు. అంబలి పలసన సెయ్యకు."

నేను ఆవిడ పక్కన కూర్చుని మళ్ళీ అంతా మొదటినుంచి చెప్పాను. గీత కొట్టిన రోజు నుంచి కందకం దాకా. వాచరు సంగతి ఒక్కటే దాచాను. ఆవిడ ఓపిగ్గా వింది. "గొయ్యి తవ్వితే కొండ నడిసెళ్ళిపోద్దేటే," అంది. "అడగాల. ఇత్తే ఇత్తాది, నేకపోతే అలుపు తీరనేదని తిరిగొచ్చీడమే. అడక్కపోతే మాట తప్పినట్టు."

మా ఆయనకి చెప్పాను. "ఏటి సెప్పనే?" అన్నాడు. "తీసుకో అన్నాననుకో, ఎల్లుండి కత్తట్టుకుని వొచ్చెత్తాది. నానే ఆపాల. ఇయ్యను అంతే, అది కొండ మాట కాదు. ఆ గొంతుతోటి అబద్దం ఎలా ఆడను?" ఆ గొంతు విని నవ్వినదాన్ని నేను. పలక్కుండా నిలబడిపో, మూడుసార్లు అడిగి తనే తిరిగొచ్చేస్తుంది అన్నాను. సరేనన్నాడు.

పొద్దున్నే అత్తా నేనూ బయల్దేరాం. నా చేతిలో అంబలి కుండ, ఆవిడ చంకలో సొరకాయ బుర్ర. దారంతా ఆవిడ ముందు, నేను వెనక. నిలబెట్టిన రాయి అక్కడ లేదు. కందకం తవ్విన మట్టికుప్పలో ఎక్కడో బోర్లా పడి ఉంటే ఆవిడే వెతికి పట్టుకుంది. ఇద్దరం కలిసి దొర్లించి, కందకం గట్టు మీద నిలబెట్టాం. అవతల వరసలుగా నీలగిరి మొక్కలు నడుం ఎత్తున ఉన్నాయి. ఒక్క పిట్ట లేదు. పైన, జీలుగు చెట్టు మొద్దు పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. డ్యూటీ టైము. ఖాకీ చొక్కాతోనే ఉన్నాడు.

అత్త చూసింది. కళ్ళు చికిలించి చాలా సేపు చూసింది. నన్నేమీ అడగలేదు. రాయి మీద అంబలి పోసి, చేతులు చీరకి తుడుచుకుని నిలబడింది.

"నీది నీకిచ్చినాను. ఏడేళ్ళు నోరెత్తనేదు. ఇప్పుడు నాకిత్తావా?"

పైనుంచి పలుకు లేదు.

"ఏడేళ్ళు నోరెత్తనేదు. ఇత్తావా?"

మా ఆయన అటూ ఇటూ కదిలాడు. పలక్కు, పలక్కు అని నేను లోపల అనుకుంటున్నాను. ఎవరికి మొక్కుకున్నానో నాకే తెలియదు. మందిరంలో దేవుడికో, ఆ రాయికో.

మూడోసారి అడిగింది అత్త. "ఇత్తావా?" అని మాత్రమే అంది. మిగతా మాటలు రాలేదు.

పైన ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇయ్యలేనమ్మా," అన్నాడు.

అత్త అలాగే నిలబడిపోయింది. కొండ ఇవ్వనంటే ఆవిడ బాధపడేది కాదు. అలుపు తీరలేదని తిరిగొచ్చేసి మళ్ళీ పిక్కలు పెట్టుకునేది, చచ్చేదాకా. ఆ ధైర్యంతోనే వచ్చింది.

"కొండ నన్ను అమ్మా అనదురా," అంది, పైకి వినపడనంత మెల్లగా.

కందకం గట్టు మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. పైనుంచి ఆయన దిగి రాలేదు. వాలు అవతలికి వెళ్ళిపోయాడు. అత్త బుర్ర మూత తీసి లోపలికి చూసింది. బూడిదలో కందులు, ఏడేళ్ళుగా ఒక్కటి కూడా తిననివి. ఒక గుప్పెడు తీసి నా ఒళ్ళో పోసింది.

"ఇంటికెల్లి వండుకో. పిల్లకి పెట్టు."

నాకు ఏడుపొచ్చింది. ఆ పప్పు కోసం ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆవిడని. ఇప్పుడు అది ఒళ్ళో ఉంటే చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

అత్త నీలగిరి మొక్కలకేసి చూస్తూ, "అది నాది," అంది.

మొదట నాకు వినపడిందో లేదో అర్థం కాలేదు. మళ్ళీ అంది. గట్టిగా, సభలో లేచినప్పటి గొంతుతో. "ఎర్రమెట్ట నాది. మా అత్తది, నాది. మా అత్త నరికినాది, నాను ఇత్తినాను. నాది బేబీ. రాసుకో."

సర్వేశ్వరరావుగారు లేరు. సభ లేదు, ఫారం లేదు. రెండేళ్ళ కిందట ఆ ఒక్క మాట కోసం ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఇప్పుడు వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను, నా ఒళ్ళో కందులున్నాయి. చేతిలో కాగితం ముక్క కూడా లేదు.

"రాసినావా?" అంది.

"రాశానత్తా," అన్నాను.

సరేనన్నట్టు తలూపి, నా భుజం పట్టుకుని లేచింది. చదివి వినిపించమని ఈసారి అడగలేదు.